మూడు తరాల కొలిమి

ఆ దుంగ కొంచెం లోపలికి తొయ్యరా, చెబుతాను. నేను విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసినన్నాళ్లూ కోక్ ముఖం చూడని రోజు లేదు. ఆ కోక్‌ని కొలిమికి అలవాటు చేసింది ఒక్క కుటుంబం, డార్బీలని. ఇంగ్లండులో సెవెర్న్ నది దాపున, కోల్‌బ్రూక్‌డేల్ లోయలో ఉండేవారు.

మొదటి అబ్రహాం డార్బీ ధ్యాసంతా వంటకుండల మీదే. ఇత్తడివి బీదాబిక్కీ కొనలేరు కదా. అందుకని ఇసుక అచ్చుల్లో పలచటి ఇనప కుండలు పోసే పద్ధతి పట్టి, 1707లో పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో కొలిమికి కట్టెబొగ్గే దిక్కు, దాని ధరేమో మండిపోయేది. పోనీ రాక్షసిబొగ్గు వేద్దామంటే గంధకం దిగి ఇనుము పెళుసెక్కుతుంది. ఆయన ఆ బొగ్గునే ముందు కాల్చి కోక్ చేసి 1709లో కొలిమికెక్కించాడు. ఆ లోయ బొగ్గులో గంధకం తక్కువ, అదీ కలిసొచ్చింది. నలభై నిండకుండానే 1717లో పోయాడు పాపం. కొడుకు పసివాడు. అల్లుడూ భాగస్తులూ పని ఆగనివ్వలేదు.

ఆ కొడుకే రెండో అబ్రహాం. కొలిమి తిత్తులు నీటిచక్రంతో ఆడేవి, వేసవొస్తే చెరువు అడుగంటేది. 1740ల్లో ఆవిరి యంత్రం పెట్టి, చక్రం మీంచి పోయిన నీళ్లనే మళ్లీ చెరువులోకి తోడించారు. అలాంటి యంత్రాల సిలిండర్లు పోసిందీ వాళ్ల కార్ఖానాలోనే! కోక్ ఇనుము పోతకే తప్ప కమ్మరి సుత్తికి పనికిరాదనేవారు. అదీ సాధించాడు. ఆరు పగళ్లూ ఆరు రాత్రుళ్లూ కొలిమి దగ్గరే ఉండి, మంచి ఇనుము రాగానే నిద్రలో కూలిపోతే పనివాళ్లు ఇంటికి మోసుకెళ్లారని చెప్పుకుంటారు. ఆ కుటుంబంలో నాకు బాగా నచ్చే మనిషి ఈయనేరా.

మూడో ఆయన పద్దెనిమిదేళ్లకే పగ్గాలు పట్టాడు. సెవెర్న్ మీద ఇనప వంతెన నిలబెట్టాడు, 1779లో. ఏకంగా 378 టన్నుల ఇనుము! ఇనుముతో అంత వంతెన అంతకుముందు కట్టినవాళ్లెవరు? అందుకే వడ్రంగం పద్ధతే పట్టారు. కుసులు దూర్చి, చీలలు దిగ్గొట్టి బిగించారు. ఖర్చు అంచనా దాటిపోయి ఆ భారం ఆయన నెత్తినే పడింది. అప్పు తీరకుండానే 1789లో పోయాడు, ముప్పై తొమ్మిదేళ్లకి. ఆ తర్వాత ఆయన తోబుట్టువు సారా, భార్య రెబెకా వాటాలు వదలకుండా కార్ఖానా కాచుకొచ్చారు. వంతెన కథ చెప్పేవాళ్లు ఈ ఇద్దరి పేర్లూ ఎత్తరు. నువ్వు మాత్రం మర్చిపోకు.