నాన్న పాడిన రాయబారం

రాత్రి వంటిల్లు సర్దేసి ఫోన్లో యూట్యూబ్ తెరవగానే మావారు "మొదలైందా నీ రాయబారం?" అంటారు. అవునండీ, నాకు పద్యనాటకాల పిచ్చి. పేరున్న నటులవి కాదు. పగలు బడిలో పాఠం చెప్పో, పొలం పని చేసో, రాత్రికి కిరీటం పెట్టుకునే వాళ్ళవి.

అసలు మన నాటకం నిలబడిందే అలాంటివాళ్ళతో. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో ఆడి వెళ్ళాక, కందుకూరి వీరేశలింగంగారు తన విద్యార్థులతోనే నాటకం వేయించారు. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు వృత్తికి ప్లీడరు. సరసవినోదిని సభ పెట్టి, నాటకంలో పాటకీ పద్యానికీ పెద్దపీట వేశారు. తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు పల్లెపల్లెకీ పాకాయి. బి.ఏ.లో ఇవన్నీ మార్కుల కోసం చదివాను. "వన్స్ మోర్" గురించి మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు! జనం ఆ మాట అరిస్తే, రాయబారానికి వచ్చిన కృష్ణుడైనా సరే, అదే పద్యం మళ్ళీ ఎత్తుకోవాల్సిందే.

మా నాన్న ఆ కృష్ణుడి వేషమే వేసేవారు. ఒక్క ఫోటో మిగిలింది. గొంతు ఎవరూ రికార్డు చేయలేదు. అందుకే, ఎవరో కుర్రాడు తీసిన వీడియో, మైకు గోలతో సగం మాటలు వినబడకపోయినా, చివరిదాకా చూస్తాను. మొన్న ఒక కృష్ణుడికి రాగం మధ్యలో ఊపిరి అందలేదు. ఆయన మళ్ళీ అందుకునేదాకా హార్మోనియం వాయించే ఆయన శ్రుతి వదల్లేదు. నాన్న కూడా సరిగ్గా అక్కడే ఆగేవారు. మావారిని పిలిచి, వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను.