తేనె మనదని రాయడానికి ఎన్నేళ్లు పట్టింది

పూత కాలం వచ్చేలోగా తేనె పెట్టెలు శుభ్రం చేసుకుని, ఊరూరా తిరిగి చెప్పాలని మన కుర్రాళ్లు తయారవుతున్నారు. మంచిదే. వెళ్లేముందు ఈ కథ తెలియాలి.

నల్లమల చెంచులు తాళ్లు పట్టుకుని కొండచరియల మీంచి దిగి తేనె తీసేవాళ్లు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు గీత లోపలిదంతా సర్కారు చేతికి పోయింది. 1956లో జీసీసీ పెట్టారు, షావుకార్ల దోపిడీ ఆపాలని. కొంత మేలే జరిగింది. కానీ 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ సరుకు కొనే గుత్తహక్కు దానికే దక్కింది. చెట్టెక్కేది మనం, ధర చెప్పేది ఇంకొకరు! 1996లో పెసా వచ్చింది. చివరికి 2006 అటవీ హక్కుల చట్టం తేనె అని పేరు పెట్టి మరీ రాసింది: సేకరించుకునే, అమ్ముకునే హక్కు మనదేనని.

ఇంకో మాట. పెట్టెలో పెరిగేది పుట్ట తేనెటీగ. కొండ తేనెటీగ పెట్టెలో ఇమడదు, దాని సంగతి తెలిసింది అడవికెళ్లే పెద్దలకే. అందుకని ఊళ్లో మీటింగు పెడితే వాళ్లనే ముందు మాట్లాడించండి. పెట్టెతో పాటు ఆ చట్టం తెలుగు కాపీ కూడా పట్టుకెళ్లండి.