ఒంగోలు గోజాతి: గుణదోష విచారము

పాడికొఱకు ఒంగోలు ఆవును కొనవచ్చునా యని మా బంధువులలో నొక గృహస్థు ఇటీవల నన్నడిగెను. అవునని గాని కాదని గాని యొక్క మాటలో చెప్పలేకపోయితిని. ఈ జాతిని గూర్చి మనలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. కొందఱు దానిని దేవతగా స్తుతించి, పాలలెక్క యడుగుటయే పాపమందురు. మఱికొందఱు చెంబెడు పాలకు గాదెడు మేత యని తీసివేయుదురు. ఈ యిరుతెగలవారును ఆ జాతిచరిత్రను విచారింపకయే తీర్పు చెప్పుచున్నారని నా తలంపు.

ఈ పశువులకు పుట్టినిల్లు గుండ్లకమ్మ పరిసరములందలి నల్లరేగడి సీమ. ఒంగోలు తాలూకా 1904వ సంవత్సరము వఱకు నెల్లూరు జిల్లాలోనిది. అందుచేత దొరలు వీనికి నెల్లూరు పశువులని పేరిడిరి. రేగడి తడిసినచో కాలు దిగబడును, ఎండినచో ఱాయియగును. అట్టి నేలను దున్నుటకు బలిష్ఠమైన యెద్దు కావలెను. కావున ఆ సీమ రైతు ఆవునుండి ముందుగా కోరినది పాలు కాదు, కోడెదూడ. దూడ మూతి పెట్టినగాని ఆవు చేపదు. చేపిన పిదప కోడెదూడకు కడుపార విడిచి, మిగిలినది మాత్రమే యిల్లాలి చెంబునకు వచ్చెడిది. జొన్నచొప్ప సమృద్ధిగా నుండెను. నాలుగేండ్లకు ఆ దూడయే గిత్తయై, జత కుదిరినచో సంసారమునకు పెద్ద యాస్తి యయ్యెడిది. ఇట్లు దూడ కడుపులోనికి పోయిన పాలను లెక్కింపక ఈ జాతికి పాలు తక్కువ యనుట సగము లెక్క.

ఇంకొక సంగతి. అచ్చుబోసిన ఆబోతు అనుమాట నేడు మనకు తిట్టు. ఆ కాలమున ఈ జాతికంతకును ఆధారము ఆ ఆబోతే. ఇంటిపెద్ద గతించినప్పుడు ఒక కోడెకు అచ్చువేసి దేవునిపేర విడుచు నాచారముండెను. ఒంగోలు ప్రాంతమున ఏదో యొక దూడను విడిచినచో చెల్లదు. గ్రామమందలి తెలిసినవారు తల్లి పాడిని, దూడ మూపురమును, కాళ్లను, నడకను పరీక్షించి సమ్మతింపవలెను. అది యే చేనిలో మేసినను ఎవరును కొట్టరు. శాస్త్రజ్ఞులు ఎన్నిక, సంకరము అని గ్రంథములు వ్రాయకపూర్వమే మన పల్లెలలో ఒక పశువృద్ధి పద్ధతి నడచినదనుటకు ఇది నిదర్శనము. అయితే ఆచారమును పొగడుచు దాని లోపమును దాచుట న్యాయము కాదు. పేదవాని చేను మేసినను ఆబోతు ఆబోతే గదా! ఆ నష్టమును అతనికి తీర్చినవారు లేరు. క్రమముగా ఖర్చునకు వెనుదీసి బక్కదూడలను విడుచుట మొదలుకాగా, ఆచారము మిగిలి ప్రయోజనము పోయినది.

విదేశముల మాట చెప్పక తప్పదు. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న యోడ యొకటి బ్రెజిలు దేశపు సాల్వడారు రేవున నాగగా, అందలి ఒంగోలు జంట యచ్చటనే యమ్ముడుపోయెను. 1878లో లెమ్‌గ్రూబర్ అను నాతడు హాంబర్గు నగరమున ఈ పశువులను చూచి కొని తెప్పించుకొనెను. 1960 తరువాతి సంవత్సరములలో మఱికొన్ని వెళ్లినవి. వానిలో మన కరవది గ్రామము పేరు మోసిన ఆబోతు అచటి వంశావళులలో ప్రసిద్ధము. నేడు ఆ దేశమున ఈ రక్తముగల పశువులు పదికోట్లకు పైబడియున్నవి. 2023లో వియాటినా-19 అను ఆవునందలి మూడవవంతు హక్కు దాదాపు 70 లక్షల రియాళ్లకు అమ్ముడుపోయినదని విని మనవారు పొంగిపోయిరి. కాని అచ్చట దానిని పెంచునది మాంసమునకు. ఈ సంగతి నొకింత మెల్లగా చెప్పుట మనవారికి అలవాటు. ఆ ధరను చూపి ఇచ్చటి పాడిరైతును ఊరించుట మోసమే యగును.

ఇక పాలలెక్క. సగటు ఒంగోలు ఆవు ఒక ఈతకు సుమారు 800 కిలోల పాలిచ్చును. తొలి ఈత మూడున్నర యేండ్లకు గాని రాదు. ఈతకు ఈతకు నడుమ దాదాపు 16 నెలలు. ఆ పాలను ఆ దినములపై పంచిచూచినచో రోజునకు ఒకటిన్నర కిలో పైచిలుకు. ఒట్టిపోయిన నెలలలోను మేత తప్పదు. మంచి పోషణలో సంకరపు జెర్సీ ఆవు రెండింతలకు మించి యిచ్చును. గేదెపాలలో వెన్న నూటికి 7 పాళ్ల వఱకు నుండగా దీనిలో 4 పాళ్లకు కొంచెము పైన. 2019 పశుగణనమున ఆంధ్రప్రదేశమందు గేదెలు 62 లక్షలు, గోజాతి 46 లక్షలు. గృహిణులు ఏనాడో తీర్పు చెప్పిరన్నమాట. ట్రాక్టరు వచ్చి యెద్దు పని మాన్పెను. జొన్న పండిన చేలలో పొగాకు వెలసెను. పొగాకునకు చొప్ప లేదు. సంక్రాంతినాటి బండలాగుడు పందెములు గిత్తల కొంత గిరాకి నిలిపినవి గాని, అది కొద్దిమంది సంపన్నుల వేడుక.

ఐనను గుణములు లేకపోలేదు. మన యెండకు సంకరపశువు రొప్పుచుండగా ఇది నిబ్బరముగా మేయును. పిడుదుల బాధకు తాళును. మేత కఱవైన యేటను బ్రతికి బయటపడును. ఎండలు ముదురుచున్న యీ కాలమున ఈ రక్తమును పోగొట్టుకొనుట తెలివి గాదు. దీని పాలు ఔషధమని అధికధర కమ్మువారి మాటలు మాత్రము నేను నమ్మను. ఆ వాదమును బలపఱచు నిశ్చితమైన ఋజువు ఇంతవఱకు కానరాదు.

నా బంధువునకు ఇట్లు చెప్పితిని: పాలమ్మి బ్రతుకదలచినచో గేదెను కొనుము. రెండెకరముల జొన్నచొప్పయు, ఓపికయు ఉండి, లాం క్షేత్రమువంటి చోట స్వచ్ఛమైన బీజము దొరకినచో, ఒక యావును ఉంచుము; పాలను దినదినమును కొలిచి పుస్తకమున వ్రాయుము. ఆతడు కొంతసేపూరకుండి, "కోడెదూడ పుట్టినచో నేమి చేయవలెను?" అని యడిగెను. ఆతని తాతగారి యింట కోడెదూడ పుట్టిననాడు వీథిలోనివారికెల్ల జున్ను పంచెడివారు. ఆతని ప్రశ్నకు నాయొద్ద నుత్తరము లేకపోయెను.