కుంకుడు నురగ, చాకిబాన, పటిక ముక్క

మార్కాపురం, గిద్దలూరు వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లకు సబ్బు సరిగా నురగ రాదు. ఎంత రుద్దినా ఒంటిమీద తెల్లటి మడ్డి మిగిలిపోతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని పదార్థంగా మారడం వల్ల అలా జరుగుతుంది. ఆ మడ్డి చంకల మడతల్లోనూ, చొక్కా చంక కుట్ల దగ్గరా పేరుకుంటుంది. రోజూ స్నానం చేస్తున్నా చెమట కంపు వదలడం లేదని లోలోపల కుమిలిపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ ఊళ్లలో వాళ్ల బాధకు సగం కారణం ఒంట్లో ఉంటే, మిగతా సగం నీళ్లలో ఉంది.

ఇక్కడ నీటి ఎద్దడి ఈనాటిది కాదు. కంభం దగ్గర రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి విజయనగర కాలంలో పెద్ద చెరువు కట్టారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఆ కట్ట కింది మాగాణికి దక్కిన భాగ్యం మెట్ట ఊళ్లకు దక్కలేదు. అయినా ఉన్న కాసిని నీళ్లతోనే ఒంటినీ బట్టనూ శుభ్రంగా ఉంచుకునే పద్ధతులు మెట్టవాళ్లు నేర్చుకున్నారు. గుళ్లకూ కోటలకూ మన చరిత్రలో ఇచ్చినంత చోటు ఈ పద్ధతులకూ ఇవ్వాలని నా పట్టుదల.

మొదట చెప్పుకోవలసింది కుంకుడుకాయ. నల్లమల అడవిలో చెంచులు తేనె, శీకాయలతో పాటు కుంకుళ్లూ ఏరతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అలాంటి అటవీ సరుకును వాళ్ల దగ్గర కొంటూ వస్తోంది. కాయను రాతిమీద చితక్కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్లలో నానేసి పిసికితే బుసబుసా నురగ పొంగుతుంది. ఆ నురగకు మూలం సపోనిన్లు. ఉప్పునీళ్లలో సబ్బులా అవి మడ్డి కట్టవు. అంటే, సబ్బు ఓడిపోయే నీళ్లలోనూ కుంకుడు పనిచేస్తుంది. అంగడి సబ్బులు ఊరూరా చేరకముందు ఈ నేలకు దొరికిన శుద్ధి సాధనం ఈ నేల నీళ్లకు సరిగ్గా సరిపోయేదే.

సున్నిపిండి సంగతీ అంతే. పెసలు, సెనగలతో పాటు కచ్చూరాలు, కస్తూరి పసుపు, తుంగముస్తలు, వట్టివేళ్లు ఎండబెట్టి విసిరేవారు. ఆ పిండి జిడ్డును పీల్చుకుంటుంది, తక్కువ నీళ్లతో వదిలిపోతుంది. పండగలకూ పెళ్లి నలుగులకూ మాత్రమే దాన్ని అట్టేపెట్టి, మిగతా రోజుల్లో మరిచిపోవడం మనకే నష్టం.

అసలు చెమటకు వాసన లేదు. ఒళ్లంతా ఉండే స్వేదగ్రంథులు ఉప్పునీటిలాంటి చెమటను వదిలి శరీరాన్ని చల్లబరుస్తాయి. చంకల్లో, గజ్జల్లో మరో రకం గ్రంథులు ఉంటాయి. అవి యుక్తవయసులో మేలుకుంటాయి. అందుకే పదేళ్ల పిల్లవాడికి లేని వాసన పదిహేనేళ్లకు వస్తుంది. ఆ గ్రంథుల స్రావాన్ని చర్మంమీది బాక్టీరియా విరగ్గొట్టినప్పుడు ఘాటైన ఆమ్లాలూ, గంధకం కలిసిన పదార్థాలూ పుడతాయి. స్టెఫిలోకాకస్ హోమినిస్ అనే బాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైమును ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో వివరించారు. వాసన ఎంత వస్తుందన్నది కొంతవరకు పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల తూర్పు ఆసియాలో అత్యధికులకు చంక వాసన దాదాపు రాదు. అదే తేడా వల్ల వాళ్ల చెవిలో గులిమి పొడిగా ఉంటుంది.

వాసన ఒంటిమీద కంటే బట్టలోనే ఎక్కువకాలం నిలుస్తుంది. రజకులు బట్టలను చౌడుమన్ను కలిపిన నీళ్లలో నానబెట్టి, చాకిబానలో పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బ వేసేవారు. ఆవిరి మడత మడతకూ ఎక్కేది. తర్వాత రేవులో బండమీద ఉతికి ఎండలో పరిచేవారు. చౌడులోని క్షారం కొవ్వును వదలగొడుతుంది, ఆవిరి బాక్టీరియాను చంపుతుంది. ఇవాళ మనం చన్నీళ్లలో పౌడరు వేసి తిప్పి తీసే పాలియెస్టరు చొక్కాకు ఆ వైద్యం అందడం లేదు. ఒకే రకంగా చెమటపట్టిన బట్టల్లో నూలుకంటే పాలియెస్టరుకే ఎక్కువ దుర్వాసన పట్టిందని బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంవారు 2014లో చూపించారు. మన బడిపిల్లల యూనిఫారాల్లో చాలావాటికి పాలియెస్టరు కలిసిన గుడ్డే వాడతాం. మండువేసవిలో అవి తొడుక్కుని నలభై మంది ఒక గదిలో కూర్చుంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఊరి మురికినంతా ఉతికిన చాకలికి, గడ్డం గీసిన మంగలికి, పలకల గనిలో దుమ్ముకొట్టుకుపోయిన కూలీకి మనం కంపు అంటగట్టాం. వాసనను కులానికి ముడిపెట్టిన తిట్లు ఇప్పటికీ నోళ్లలో ఉన్నాయి. గ్రంథులకూ బాక్టీరియాకూ కులం లేదు. చెమటోడ్చే పనీ, నీళ్లు దొరకని ఇల్లూ మాత్రం కులాన్ని బట్టే పంచబడ్డాయి.

మంగలి పొదిలో ఉండే పటిక ముక్కకు మరో పెద్ద కథ ఉంది. గడ్డం గీశాక గాటుమీద రాసే ఆ పటికే బురదనీళ్ల కుండలో తిప్పితే మడ్డిని అడుగుకు దించేది. తడిచేసి చంకల్లో రాసుకుంటే బాక్టీరియాను కొంత అణుస్తుంది. పటికలో ఉన్నది అల్యూమినియం లవణం. ఆ కుటుంబానికే చెందిన అల్యూమినియం క్లోరైడు 1900ల మొదట్లో అమెరికాలో సీసాలకెక్కింది. సిన్సినాటిలో ఎడ్నా మర్ఫీ అనే యువతి, శస్త్రచికిత్స వేళ చేతులు చెమర్చకుండా తన వైద్యుడైన తండ్రి చేసుకున్న ద్రవాన్ని ఒడొరొనొ అనే పేరుతో అమ్మింది. అది చర్మాన్ని మండించేది, బట్టలను పాడుచేసేది. 1919లో ఒక మహిళల పత్రికలో వచ్చిన దాని ప్రకటన, నీ వాసన నీకు తెలియదు, పక్కవాళ్లు చెప్పరు అనే భయాన్ని ఆడవాళ్లలో నాటింది. కోపంతో సుమారు 200 మంది పాఠకులు ఆ పత్రికకు చందా మానేశారు. అమ్మకాలు మాత్రం రెట్టింపు దాటాయి. ఇవాళ టీవీలో డియోడరెంటు ప్రకటనలు అదే భయాన్ని అమ్ముతున్నాయి. పటిక అమ్మినవాడు ఎవరినీ సిగ్గుపరచలేదు.

మరి ఏం చేయాలి? డియోడరెంటు పరిమళం వాసనను కప్పుతుంది. చెమటను తగ్గించేది యాంటీపర్స్‌పిరెంటు. సీసామీద అల్యూమినియం ఉందో లేదో చూసి కొనాలి. దాన్ని పొద్దున హడావుడిలో కాకుండా రాత్రి పడుకునేముందు పొడి చర్మంమీద రాయాలి, ఎందుకంటే చెమట తక్కువగా ఉన్నప్పుడే అది గ్రంథుల నోళ్లలో కుదురుకుంటుంది. నిమ్మరసం, వంటసోడా చర్మాన్ని కాల్చగలవు, వద్దు. చంకలో మళ్లీ మళ్లీ చీముగడ్డలు లేస్తున్నా, వెంట్రుకలకు పసుపురంగు పూత పట్టినా, వాసన ఉన్నట్టుండి మారినా, కూర్చున్నచోటే చెమట ధార కడుతున్నా చర్మవైద్యుణ్ణి కలవాలి. వీటికి మందులున్నాయి. బెంజాయిల్ పెరాక్సైడు కలిసిన వాష్ కూడా వాళ్లు రాస్తారు, అది రంగుబట్టలను వెలిసిపోయేలా చేస్తుంది గనుక కడిగేశాకే చొక్కా తొడుక్కోవాలి.

రోజుకు రెండుపూటలా స్నానం అని పుస్తకాలు రాస్తాయి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూసిన, ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తిన ఇళ్లకు ఆ సలహా పనికిరాదు. రెండోపూట ఒళ్లంతా తడపనక్కరలేదు. చంకలూ గజ్జలూ మాత్రం కుంకుడు రసంతో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, ఉతికిన బనీను తొడుక్కుంటే సరిపోతుంది. దానికి రెండు చెంబుల నీళ్లు చాలు.