అలీగఢ్ విద్యార్థుల ‘డ్యూటీ’

విద్యార్థి నాయకత్వమంటే ఎన్నికలు, ఉపన్యాసాలు అనే అనుకుంటాం. అలీగఢ్‌లో ఉపన్యాసాలకూ కొదవ లేదు. 1884లోనే సిడన్స్ యూనియన్ క్లబ్బు పెట్టి కేంబ్రిడ్జి పద్ధతిలో వాదోపవాదాలు సాగించారు. కాని నాకు అంతకంటె గొప్పగా కనిపించేది డ్యూటీ సొసైటీ. సర్ సయ్యద్ స్థాపించిన ఆ కళాశాలలో చదువుతూండగానే సాహిబ్‌జాదా అఫ్తాబ్ అహ్మద్‌ఖాన్ 1890లో తోటివారిని కూడగట్టి దీన్ని ప్రారంభించారు. ఉర్దూలో పేరు అంజుమన్ అల్ ఫర్జ్. ఫర్జ్ అంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పాలా!

సెలవులొస్తే కుర్రాళ్లు జట్లుగా వూళ్లు తిరిగి చందాలు పోగుచేసేవారు. పెద్ద కుటుంబాల పిల్లలకు పరాయి గుమ్మంలో చెయ్యి చాచడం తేలికా? రసీదు పుస్తకం పట్టుకు తిరిగిన మన సభ్యులకు ఆ సంగతి తెలుసు. ఆ డబ్బు డబ్బులేని తోటి విద్యార్థుల చదువుకే. ఆ అఫ్తాబ్ సాహెబే 1924 నుంచి 1926 దాకా అలీగఢ్ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా పనిచేశారు.