రెండర్థాల మందు

మన భాషలో మందు అన్న మాటకు అర్థాలు మెండు. వైద్యుడు ఇచ్చేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. సాయంకాలం వేళ కొందరు సేవించేదీ మందే గాని, ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. మొదటి రెండర్థాలనూ ఉన్నదున్నట్టుగా తనలో ఇముడ్చుకున్న పదార్థం ఒకటుంది. దాని పేరు నైట్రోగ్లిసరిన్. ఛాతీ నొప్పితో వచ్చిన రోగి నాలుక కింద అత్యవసర వైద్యుడు పెట్టే మాత్రలోనూ అదే, కొండలను పిండి చేసిన డైనమైట్‌లోనూ అదే. అదే అంటే దాని పోలికో, దాయాదో కాదు. అణువుకు అణువు అదే. మాత్రలో అది మిల్లీగ్రాములో సగం పాటి మాత్రమే ఉంటుంది, అదీ హాని చేయని పొడిలో కలిపి. కనుక జేబులో పేలుతుందన్న భయం అక్కరలేదు.

1847లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో అస్కానియో సొబ్రేరో అనే రసాయన శాస్త్రజ్ఞుడు గ్లిసరిన్‌ను గాఢ నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంలో కలిపి నూనె వంటి ఒక ద్రవాన్ని సాధించాడు. కొత్త పదార్థాన్ని నాలుకతో పరీక్షించడం ఆనాటి రసాయనికుల అలవాటు. రవ్వంత తాకించుకున్నాడో లేదో, తల పగిలిపోయేంత నొప్పి! ఆ సంగతిని ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు, అయితే హెచ్చరికగానే. ఆ ద్రవం పేలి ఆయన ముఖం మీద మచ్చలు మిగిలాయి. తాను కనిపెట్టిన దాన్ని చూసి తానే భయపడిన అరుదైన మనిషి సొబ్రేరో. ఆ తలనొప్పిలోనే వైద్యం దాగి ఉందని ఆయనకు తోచలేదు. తోచకపోవడం తప్పూ కాదు.

ఆయనను అంతగా భయపెట్టిన ద్రవాన్ని వ్యాపారానికి అనువుగా మలచినవాడు ఆల్‌ఫ్రెడ్ నోబెల్. 1864 సెప్టెంబరు 3న స్టాక్‌హోమ్‌లోని హెలెనెబోర్గ్‌లో ఆయన కర్మశాల పేలిపోయి, తమ్ముడు ఎమిల్‌తో సహా పలువురు మరణించారు. అయినా నోబెల్ పని ఆపలేదు. ఆ ద్రవాన్ని కీసెల్‌గూర్ అనే గుల్లమట్టిలో ఇంకింపజేసి, 1867లో డైనమైట్‌కు పేటెంటు పొందాడు.

సరిగ్గా అదే 1867లో, ఎడిన్‌బరో రాయల్ ఇన్‌ఫర్మరీలో టామస్ లాడర్ బ్రంటన్ అనే ఇరవై మూడేళ్ళ వైద్యుడు యాంజైనా రోగి ఒకరిని చూస్తూ ఆలోచనలో పడ్డాడు. ఈ హృచ్ఛూలను విలియం హెబెర్డెన్ లండన్‌లో వర్ణించి (1768) అప్పటికి దాదాపు నూరేళ్ళు. రోగికి పేరు దొరికింది గాని ఉపశమనం దొరకలేదు. బ్రాందీ, క్లోరోఫాం వంటివి ఇచ్చి చూడటమే. కొద్దిగా రక్తం తీస్తే నొప్పి తగ్గుతున్నదనీ, నొప్పి వచ్చినప్పుడు నాడిలో బిగువు పెరుగుతున్నదనీ బ్రంటన్ గమనించాడు. అలాగైతే రక్తం తీయకుండానే ఆ బిగువును సడలిస్తే? వాసన చూస్తే ముఖం ఎర్రబారజేసే అమైల్ నైట్రైట్ ఆయనకు గుర్తుకు వచ్చింది. గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి పీల్పించగా, నిమిషం లోపే నొప్పి మాయమైంది. ఆయన తర్కం పూర్తిగా సరి కాదని నేడు మనకు తెలుసు. ఈ మందులు ధమనుల కన్నా సిరలను ఎక్కువగా సడలిస్తాయి. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, దాని బరువు తేలికవుతుంది. సగం తప్పు తర్కంతో సరైన మందును చేరుకోవడం వైద్య చరిత్రలో కొత్తేమీ కాదు. అయినా ఊహించి, కొలిచి, ప్రయోగించిన ఆ వరుస నాకు అపురూపంగా తోస్తుంది.

నైట్రోగ్లిసరిన్‌కు వైద్యంలో స్థానం సంపాదించినవాడు లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రికి చెందిన విలియం మరెల్. నూటికి ఒక వంతు ద్రావణం ఉన్న సీసా బిరడాను ఆయన యథాలాపంగా నాలుకకు రాసుకుని, రోగులను చూసే పనిలో పడ్డాడు. కొద్దిసేపటికే గుండె కొట్టుకున్నప్పుడల్లా చేతిలోని కలం అదిరిపడేంతగా ఒళ్ళంతా నాడి కొట్టుకోసాగింది. ఎవరైనా భయపడి మానుకునేవారు. ఆయన మాత్రం తన మీదనే ముప్పై నలభై సార్లు ప్రయోగం చేసుకుని, తర్వాత రోగులకు ఇచ్చి, 1879లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు.

డైనమైట్ కర్మాగారాల్లో ఈ కథకు మరో ముఖం ఉంది. సెలవు ముగించుకుని సోమవారం పనిలోకి వచ్చిన కార్మికులకు విపరీతమైన తలనొప్పి. రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడి తగ్గేది. ఆ అలవాటు పోకుండా కొందరు టోపీ పట్టీలో ఆ పదార్థాన్ని కొంచెం దాచుకుని ఇంటికి తీసుకువెళ్ళేవారట. నైట్రేట్లను ఎడతెరిపి లేకుండా వాడితే పని చేయడం మానేస్తాయని వైద్యులు ఇప్పుడు రోజులో కొన్ని గంటలు విరామం ఇస్తారు. ఆ పాఠం మొదట కూలివాళ్ళ తలలు నేర్చుకున్నది.

1896 అక్టోబరులో, చనిపోవడానికి ఆరు వారాల ముందు, నోబెల్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో విధి పరిహాసాన్ని తలుచుకున్నాడు. గుండెజబ్బుకు వైద్యులు ఆయనకు నైట్రోగ్లిసరిన్ రాసిచ్చారు! జనం బెదిరిపోకుండా దానికి ట్రైనైట్రిన్ అని పేరు మార్చారట. అది ఎలా పనిచేస్తుందో తేలడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. దాని నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ వాయువే రక్తనాళాలను సడలిస్తున్నదని 1977లో ఫెరిద్ మురాద్ చూపాడు. మన నాళాల లోపలి పొర కూడా అదే వాయువును తయారు చేస్తుందని తర్వాత రుజువైంది. ఈ పనికి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో బహుమతి వచ్చింది. ఎవరి పేరు మీదనో చెప్పనక్కరలేదు. ఆ ఏడాదే అమెరికాలో అనుమతి పొందిన వయాగ్రా కూడా మొదట యాంజైనా కోసం పరీక్షించినదే. రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి గనుక కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే మాత్ర పెట్టేముందు అత్యవసర వైద్యుడు సంకోచం లేకుండా ఆ ప్రశ్న అడుగుతాడు. రోగి కూడా సంకోచం లేకుండా జవాబు చెప్పాలి.

మన ఇళ్ళలో ఈ కుటుంబానికి చెందిన సార్బిట్రేట్ సుపరిచితం. నాలుక కింద పెట్టాం, కాస్త తగ్గింది, తెల్లవారాక చూద్దాం అనుకునేవారు తక్కువేమీ కాదు. నొప్పి తగ్గించేదే ప్రాణం నిలుపుతుందని అనుకోవడం సహజం. కాని 58 వేల మందికి పైగా రోగులతో జరిగిన ఐసిస్-4 అధ్యయనంలో (1995), గుండెపోటు వచ్చినవారికి నెల రోజులు నైట్రేట్ ఇచ్చినా మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అంతకుముందు 1988లో వచ్చిన ఐసిస్-2లో, పైసల ఖరీదు చేసే ఆస్పిరిన్ హృద్రోగ మరణాలను 23 శాతం తగ్గించింది. నైట్రేట్ నాళాన్ని సడలిస్తుందే తప్ప అందులో అడ్డుపడిన గడ్డను తొలగించదు. రక్తపోటు అప్పటికే పడిపోయి ఉంటే హాని కూడా చేస్తుంది. కనుక వైద్యుడు ముందే రాసిచ్చినవారు ఆ మాత్రను కూర్చుని వేసుకోవాలి, నిలబడి కాదు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే మరో మాత్ర కోసం వెతకడం కాదు, 2005లో హైదరాబాదులో మొదలైన ఆ 108 నెంబరుకు ఫోను చేయాలి.