అత్తరుబుడ్డి ధర కాదు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే మన యవనస్థులు అడుగుతుంటారు: "అయ్యగారూ, క్షమాపణ ఉచితమైతే సేవ ఎందుకు?" మంచి ప్రశ్నే. జీతానికి పని, పనికి జీతం. వారికి తెలిసిన లెక్క అదే గదా!

లూకా 7వ అధ్యాయములోని స్త్రీ తెచ్చిన అత్తరుబుడ్డి క్షమాపణకు ధర కాదు, కృతజ్ఞత. వెస్లియన్ మిషనరీలు జార్జ్ కెర్ దొరగారు, వైద్యురాలైన ఆయన భార్య ఇసబెల్ అమ్మగారు బోధించిన సువార్త కూడా ఇదే. 1907లో స్కాట్లాండునుండి వచ్చిన ఆమె, 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి ప్రారంభించింది. అందుకు ధారాళంగా సొమ్మిచ్చిన రాజా నర్సాగౌడ్ గారు హైందవుడు. సంఘములో ఈ మాట తక్కువగా చెప్పుకుంటాము. ఊరి వెలుపలికి నెట్టబడినవారికి అక్కడ అడవిబాదం నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. 1932లో కన్నుమూసేవరకు ఆమె ఆ పని విడువలేదు.